ఎముకల పొడి

నేనిచ్చిన టీ ఎవరూ ముందు తాగరు. నేను ఒక గుక్క తాగి చూపించాలి. అప్పుడు కూడా నా మొహం వంక అనుమానంగానే చూస్తారు, ఉప్పు టీ అయినా కిక్కురుమనకుండా మింగే ఘటం వీడని. పేరు అలా పడిపోయింది.

నేను చేసేది మట్టి పని. మట్టి పరీక్షలు చేసే ల్యాబులో వ్యాను తోలతాను. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి, బర్మాతో నేలకి తూట్లు పొడిచి, మట్టి తీసి రేకు డబ్బాల్లో పెట్టి, చీటీ అంటించి తెస్తాను. బడికి వెళ్ళాను గాని సగం దారిలోనే బడికీ నాకూ చెడింది. అంచేత ఆ మట్టిలో ఏముందో చెప్పే పని నాది కాదు, నా మేనకోడలిది. ఆ ల్యాబులో కెమిస్టు ఆవిడే. చూడ్డానికి ఇంతే ఉంటుంది, కొరికితే మాత్రం కళ్ళనీళ్ళే. అందుకని చిన్నప్పుడే మిరియం అని పేరు పెట్టాను. ల్యాబులో అందరూ మేడమ్ అంటారు, నేను మిరియం మేడమ్ అంటాను.

ఒకసారి మట్టి డబ్బాలో గడియారం దాచి, ఈ మట్టికి గుండె కొట్టుకుంటోందని వాచ్‌మన్‌కి వినిపించాను. పాపం, ఆయన ఆ గదిలోకి అడుగుపెట్టడం మానేశాడు. మిరియం డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని, "మామయ్యా, మీ మట్టి టైము వెనకబడింది" అని నా చేతిలో పెట్టి పోయింది. దాన్ని మోసం చెయ్యడం అంత తేలిక కాదు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది.

దాని తండ్రి మా బావ. కలప డిపోలో మందు తొట్టి దగ్గర మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. కరెంటు స్తంభాలకి వాడే దుంగల్ని చెదలు తినకుండా పచ్చటి మందులో ముంచి, పైకి తీసి, పెరట్లో వరసగా పేర్చి ఆరబెట్టేవాళ్ళు. ఆరినంత సేపూ వాటి నుంచి మందు ఓడి నేలలోకి దిగేది. డిపో మూతపడ్డాక ఆ పెరడే ముక్కలు చేసి పనివాళ్ళకి ఇళ్ళ జాగాలుగా ఇచ్చారు. బావకొచ్చిన ముక్కలో గడ్డిపరక కూడా లేచేది కాదు.

మా అక్క దానిమీద పంతం పట్టింది. వంటింట్లో మిగిలిన ప్రతి తొక్కా, టీ పిప్పీ, రాలిన ఆకూ ఆ నేలకే. అది చాలక బకెట్టు పట్టుకుని ఇరుగుపొరుగు గుమ్మాల ముందు నిలబడేది. "మీ అక్క మొగుడికి వడ్డించడం మర్చిపోతుంది గాని నేలకి మర్చిపోదురా" అనేవాడు బావ. ఏళ్ళు గడిచేసరికి ఆ పాలిపోయిన నేల నల్లబడింది, గుల్లబారింది, వానపాములొచ్చాయి. వంగ, టమాటా, పాలకూర, ఏది వేస్తే అది నవ్వుకుంటూ లేచేది. అక్క పోయాక బావ మనుషులతో మాట్లాడటం తగ్గించేశాడు. పొద్దున్నే టీ గ్లాసుతో మడి గట్టున కూర్చుని ఒక పిడికెడు మట్టి తీసి నలుపుతూ ఉండేవాడు. ఆయనకి మా అక్క అంటే అదే. నాకూ అంతే అనుకోండి, నేను పైకి చెప్పను.

ఎండాకాలంలో ఆ పాత డిపో జాగా అంతా పరీక్ష చెయ్యమని ల్యాబుకి పని వచ్చింది. బావ పెరట్లో మట్టి కూడా తీశాను. పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, ఉందని తేలింది. దుంగల మందులో ఉండేది అదేనట.

ఆ మాట చెప్పడానికి మిరియం నాతోపాటు ఇంటికి వచ్చింది. బావ గట్టున కూర్చునే విన్నాడు.

"ఉండటం వేరు, కదలడం వేరు నాన్నా. ఇప్పుడైతే కదలడం లేదు. ఈ మట్టిలో తుప్పు ఉంటుంది, ఇనుప తుప్పు. కంటికి కనపడనంత సన్నంగా బంకమట్టి రేణువుల మీద పూతలా ఉంటుంది. పాషాణం దానిమీద కూర్చుంది. కూర్చున్నంతకాలం నీళ్ళలోకి రాదు, మొక్కకీ పెద్దగా అందదు."

"బస్సులో కిటికీ పక్క సీటు దొరికినవాడు లేవనట్టు" అన్నాను నేను.

"అంతే మామయ్యా. ఆ తుప్పు మీదే, ఆ బంకమట్టి మీదే అమ్మ వేసింది కూడా ఉంది. తొక్కలన్నీ పురుగులు తినేశాయనుకుంటాం. తినగా మిగిలింది మట్టి రేణువుల్ని కరుచుకుని ఉండిపోతుంది. అలా అతుక్కున్నదాన్ని ఏ పురుగూ తొందరగా తినలేదు. ఈ నలుపు అదే."

బావ పిడికిలి తెరిచి మట్టి వంక చూశాడు.

"అంటే ఇందులో మీ అమ్మ వేసింది ఇంకా ఉందంటావు."

"ఉంది నాన్నా."

"మరి తోట?"

"వానలు పడ్డాక మళ్ళీ చూస్తాను. అప్పుడు కూడా కదలకపోతే కూరలు మానేసి పూలు వేసుకో, మట్టి ఇక్కడే ఉంటుంది. కదిలిందంటే మాత్రం తవ్వి తీసుకెళ్ళిపోవాలి. అప్పటిదాకా ఇందులో పండింది తినకు, ఎవరికీ పెట్టకు. ఇంకేమీ కలపకు కూడా."

బావ తలూపాడు. కలపకు అన్న మాట మాత్రం ఆయన చెవిలోంచి బయటికి పోయినట్టుంది. దానికో కారణం ఉంది.

అంతకుముందు ఒకసారి పాత బ్యాటరీలు పగలగొట్టే వీధిలో పని పడింది. బావ ఇంట్లో ఒంటరిగా ఉంటాడని వ్యానులో ఎక్కించుకుపోయాను. అక్కడి మట్టి నిండా సీసం. మిరియం బస్తాలకి బస్తాలు ఎముకల పొడి తెప్పించి మట్టిలో కలిపించింది. తర్వాత చూస్తే సీసం ఎక్కడిదక్కడ రాయిలా బిగుసుకుపోయింది. బావ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తిరిగొచ్చేదాకా అదే పాట. "నా కూతురు విషానికి సంకెళ్ళు వేసిందిరా! ఎముకల పొడితో! ఎవడికి తడుతుంది ఆ ఆలోచన?" ఎదురుపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. టైరుకి పంక్చరు వేసినవాడికి కూడా చెప్పాడు.

వానలు మొదలయ్యాయి. మొదటి నాలుగు జల్లులూ పడి నేల బాగా నానాక బర్మా భుజాన వేసుకుని బావ పెరట్లోకి వెళ్ళాను. వంగమొక్కలు ఏనుగు చెవుల్లాంటి ఆకులు వేసి నిలబడి ఉన్నాయి. బర్మా దింపి తిప్పి పైకి లాగితే నల్లమట్టిలో తెల్లటి పలుకులు కనిపించాయి. వాసన చూశాను. బ్యాటరీల వీధి వాసనే.

"బావా, ఏం వేశావు?"

"నా కూతురు వేసిందే వేశాను. రెండు బస్తాలు. మీ అక్క నేలకి వడ్డించింది, నేను మందు వేశాను. తప్పా?"

నాకేం తెలుసు? తప్పో ఒప్పో చెప్పే చదువు నాది కాదు. సీసానికి పనిచేసింది పాషాణానికి చెయ్యదా అనే అనుకున్నాను.

మట్టి డబ్బాలో పెట్టి చీటీ రాస్తుంటే బావ లోపలికి వెళ్ళి ఇంకో డబ్బా తెచ్చాడు. మా ల్యాబు డబ్బాయే, ఎప్పుడో నా వ్యానులోంచి కొట్టేసి ఉంటాడు. చీటీ కూడా అంటించి ఉంది, అచ్చం నేను రాసినట్టే రాయబోయి రాయలేక తన అక్షరాలే రాసేశాడు.

"ఇదేంటి?"

"మీ అక్క పుదీనా కుండీ మట్టి. ఆ కుండీలో మట్టి బయటినుంచి కొన్నది, పెరటిది కాదు. దీన్ని పట్టుకెళ్ళు. అది ఇక్కడ పారేసిపో."

నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

"ఒరేయ్, పుట్టిన దగ్గర్నుంచీ జనాన్ని బకరాల్ని చేస్తూనే ఉన్నావు. మా పెళ్ళి రోజున నా చెప్పులకి మేకులు కొట్టి నేలకి బిగించావు. నేనేమైనా అన్నానా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాకు పనికొచ్చే వేళాకోళం చెయ్యరా."

"మిరియం మోసపోదు బావా."

"నీ చేతి డబ్బాని అది ఎందుకు అనుమానిస్తుంది? టీ విషయంలో అనుమానిస్తుంది గాని పని విషయంలో నిన్ను నమ్ముతుంది." ఆయన డబ్బాని నా చేతిలోకి నెట్టాడు. "విషం ఎలాగూ కట్టేశాను కదరా, ఎవరికీ నష్టం లేదు. ఏదో ఒక అంకె అటూ ఇటూ అయితే చాలు, లారీ వస్తుంది. మీ అక్కని లారీలో ఎక్కించి పంపమంటావా?"

ఏం చెప్పమంటారు? మా బావ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. తలూపాను. పుదీనా డబ్బా చొక్కా లోపల పెట్టుకున్నాను. బర్మాతో తీసిన డబ్బా పారేసి వస్తానని చేత్తో పట్టుకుని బయటికి నడిచాను.

పెరటి చివర చేతిపంపు ఉంది. పక్కింటి నర్సుకి వేరే నీళ్ళు లేవు, అక్కడే పట్టుకుంటుంది. పిల్లని చంకనేసుకుని బిందె నింపుతోంది. నన్ను చూడగానే అందుకుంది.

"అన్నయ్యా! మొన్న మా ఆయనకిచ్చిన బిళ్ళ సబ్బుముక్కా? నోట్లోంచి నురగలే నురగలు!"

"పళ్ళు తెల్లబడ్డాయా లేదా?"

"బడ్డాయిలెండి. మీ దగ్గరికి రావాలంటేనే హడలిపోతున్నాడు."

మేమిద్దరం నవ్వుతుంటే చంకలో పిల్ల కిందకి వంగి ధారకింద దోసిలి పట్టింది. సగం ఒలకబోసుకుని సగం తాగింది. గడ్డం మీదనుంచి నీళ్ళు కారుతుంటే నా వంక చూసి, తను కూడా ఏదో వేళాకోళం చేసినట్టు నవ్వింది.

చొక్కా లోపల డబ్బా రేకు చల్లగా తగిలింది. బావ విషం కట్టేశానన్నాడు. కట్టేసి ఉంటే పరీక్షంటే భయమెందుకు? ఈ ప్రశ్న ఆయనని అడగాల్సింది, అడగలేదు. పంపు దగ్గర ఒక సీసాడు నీళ్ళు పట్టుకున్నాను. వ్యానెక్కాక పుదీనా డబ్బాని సీటు కింద తోసేశాను. బర్మా డబ్బా, నీళ్ళసీసా తీసుకెళ్ళి మిరియం బల్లమీద పెట్టాను.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "మార్చావా?"

"నా చేతి పనికి తిరుగుంటుందా బావా?" అన్నాను. ఆయన హమ్మయ్య అనుకున్న శబ్దం ఫోన్లో వినిపించింది. నా జీవితంలో ఎవరినీ అంత సులువుగా బకరాని చెయ్యలేదు. ఏ బకరా మీదా నాకు అంత దిగులు వెయ్యలేదు కూడా.

మర్నాడు మిరియం గాజు గొట్టాలు కడుక్కుంటుంటే మాటల్లో పెట్టి అనేశాను. "మీ నాన్న కూడా కెమిస్టయ్యాడే. పెరట్లో ఎముకల పొడి వేశాడు."

నీళ్ళు ధారగా పోతున్నాయి. అది కుళాయి కట్టలేదు.

"ఎంత?"

"రెండు బస్తాలు."

"అయ్యో నాన్నా!" అని స్టూలు మీద కూలబడింది. నేనే కుళాయి కట్టాను. చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"సీసం కథ వేరు మామయ్యా. ఎముకల్లో ఉండే భాస్వరం సీసంతో కలిస్తే గట్టిపడి రాయవుతుంది. పాషాణం అలా కాదు. అదీ భాస్వరమూ అన్నదమ్ముల్లాంటివి, ఒకే పోలిక. ఇద్దరికీ కావలసింది తుప్పు మీద అదే సీటు. భాస్వరం గుంపుగా వచ్చి పడితే..."

"కూర్చున్నవాణ్ణి లేపేస్తుంది."

"లేపేస్తుంది. లేచినవాడు వాననీళ్ళతో కిందికి దిగిపోతాడు. అమ్మ వేసింది కూడా కొంత అలాగే ఊడిపోయి ఉంటుంది. దానికీ ఆ సీటే కదా ఆధారం." కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదే మామయ్యా. ఆ వీధిలో ఎముకల పొడి మందని చెప్పాను, ఏ జబ్బుకో చెప్పలేదు. నాన్న నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా?"

"అడిగితే నువ్వు వద్దంటావేమోనని భయం. మీ నాన్నకి నీ చదువంటే గౌరవం, నీ నోరంటే హడలు."

ఎప్పుడూ తిట్టేది ఆ రోజు తిట్టలేదు. మిషను దగ్గరికి వెళ్ళింది. మట్టి కడిగిన నీళ్ళలో పాషాణం ఎండాకాలం కంటే ఎన్నో రెట్లు. పంపు నీళ్ళలోకి కూడా అప్పుడప్పుడే దిగుతోంది. మిరియం కోటు విప్పకుండానే వచ్చి వ్యానెక్కింది. "పోనివ్వండి మామయ్యా, ముందు పంపు ఆపాలి."

మలుపు దగ్గర కుక్క అడ్డొస్తే బ్రేకు వేశాను. సీటు కింద నుంచి పుదీనా డబ్బా దొర్లుకుంటూ వచ్చి మిరియం కాళ్ళ దగ్గర ఆగింది. తీసింది. చీటీ చదివింది. మూత తెరిచి వాసన చూసింది. వేరుముక్క ఒకటి వేళ్ళతో నలిపింది. నేను రోడ్డు వంక అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. మిరియం డబ్బాకి మూత పెట్టి సంచిలో వేసుకుంది.

మేం వెళ్ళేసరికి బావ గట్టునే ఉన్నాడు. మిరియం నేరుగా పంపు దగ్గరికి పోయి పిడి ఊడదీసింది. నర్సుని పిలిచి, బిందెలో నీళ్ళు పారబోయించి, పిల్లకి రక్తం, మూత్రం పరీక్ష చేయించమంది. నర్సు మొహంలో రంగు పోయింది. అప్పటిదాకా చూస్తున్న బావ లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్, మార్చానన్నావు కదరా."

"మార్చానని అనలేదు బావా. తిరుగుండదన్నాను."

"నన్నే బకరాని చేశావు."

"చేశాను."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. మిరియం వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి, భాస్వరం సంగతి, సీట్ల సంగతి తండ్రికి నెమ్మదిగా చెప్పింది. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. బావ వింటున్నాడు గాని ఆయన కళ్ళు నర్సు చంకలో పిల్ల మీదే ఉన్నాయి.

"నేను కట్టేశాననుకున్నానమ్మా" అన్నాడు చివరికి. "కట్టు విప్పింది నేనేనన్నమాట."

"నాన్నా..."

"ఎంత లోతు తవ్వాలి?"

"మోకాలి లోతు. ఆ కింద బంకమట్టి ఉంది. అందులో ఇనుప రజను కలిపితే తుప్పు పడుతుంది, కొత్త సీట్లు వస్తాయి. దిగినదాన్ని అక్కడే పట్టేస్తుంది."

"నల్లమట్టి అంతా పోవాల్సిందేనా?"

మిరియం తలూపింది.

లారీలు వచ్చాయి. మట్టి దుమ్ము లేవకుండా తడిపి, తవ్వి, టార్పాలిన్లు కప్పి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచిన గోతికి తీసుకెళ్ళారు. బావ చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకుని పనివాళ్ళతో సమానంగా తవ్వాడు. వద్దన్నా వినలేదు. వానపాము కనిపిస్తే మాత్రం పార ఆపేసి, అది పక్కకి జరిగేదాకా ఆగేవాడు. చివరి లారీ వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాడు. అన్ని రోజులూ నాతో మాట్లాడలేదు. నేను జోకు వేస్తే గాలికి వేసినట్టుండేది. నేనూ మానేశాను. మానేస్తే నాకు తోచదు, అది వేరే సంగతి.

పిల్ల పరీక్షలు వచ్చాయి. భయపడాల్సింది లేదన్నారు, పంపు త్వరగా ఆపారు కాబట్టి. నర్సు పరుగున వచ్చి చెప్పింది నాకు కాదు, బావకి. బావ విని ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. మేం బయట నిలబడ్డాం.

తర్వాత లేతు షెడ్డు నుంచి ఇనుప రజను బస్తాలు దింపాం. అడుగున బయటపడ్డ ఎర్రటి బంకమట్టి మీద దాన్ని చల్లి, తడిపి, కలియతిప్పాలి. బావ చాటలో రజను పోసుకుని చల్లుతున్నాడు. ఒకప్పుడు ఇదే నేల మీద దుంగల్ని ఆరబెట్టిన చేతులే. మిరియం సంచిలోంచి పుదీనా డబ్బా తీసి గట్టు మీద పెట్టింది.

"ఇది కూడా చూశాను నాన్నా. ఇందులో ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

బావ చల్లడం ఆపాడు. చీటీ వైపు చూసి, కూతురి వైపు చూశాడు.

"ఎలా తెలిసింది?"

"నీ అక్షరాలు నేను గుర్తుపట్టనా? నా చేత పలక పట్టించింది నువ్వే కదా."

ఆయన తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని డబ్బా తీసుకున్నాడు. వాకిట్లో పుదీనా కుండీ దగ్గరికి వెళ్ళి, మట్టి తీసిన గుంటలోనే మళ్ళీ పోసి అరచేత్తో అదిమాడు. "ఈ కుండీకి కూడా మీ అమ్మ తొక్కలు వేసేది" అన్నాడు, ఎవరితో అన్నాడో తెలీదు.

మళ్ళీ వచ్చి చాట అందుకున్నాడు. చల్లుతూ ఏదో గొణుగుతున్నాడు. దగ్గరికి వెళ్ళి విన్నాను. "కూర్చోండి... కూర్చోండి... సర్దుకుని కూర్చోండి..."

ఉండబట్టలేక అనేశాను. "టిక్కెట్లు కూడా కొట్టు బావా."

నా వంక చూశాడు. పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వని చెప్పలేను గాని, నవ్వు ఉండే చోటు అదే.

నేను లోపలికి పోయి మూడు గ్లాసుల టీ కలిపి తెచ్చాను. మిరియం ఎప్పటిలాగే గ్లాసు పట్టుకుని నేను తాగేదాకా ఆగింది. బావ ఆగలేదు. ఎర్రమట్టి వంక చూస్తూ ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు.

"చక్కెర తక్కువైంది" అన్నాడు.